తోళ్ళ పేట మీద నీవెస్ పరుగు

నీవెస్ బర్తొలాచ్చి మా తోళ్ళ పేటలోనే, వాగుకు దిగే మెట్ల వరుసలో చిట్టచివరి ఇంట పుట్టింది. తండ్రి దుయీలియో తోళ్ళ కార్ఖానాలో కూలి. తోళ్ళు నానబెట్టే బెరడు కషాయంలో చేతులు ముంచి ముంచి అతని గోళ్ళు చెప్పుల రంగుకు తిరిగి, ఆ రంగులోనే మిగిలిపోయాయి. ఆ పిల్లకు ఐదేళ్ళు నేను చదువు చెప్పాను. మొదలుపెట్టిన వాక్యాన్ని క్రియ దాకా నడిపించిన తరువాతే కలం దించేది. పగ విషయంలోనూ ఆమె పద్ధతి అదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆమె పదిహేను వందల మీటర్ల పరుగు మనిషి. వంద మీటర్లు కాళ్ళ పని, పది వేలు ఓపిక పని. ఈ రెంటికీ నడుమనున్న ఆ పరుగు మాత్రం ఎదుటివారి మనసు చదివే పని అని ఆమె చెప్పేది. ఎవరి భుజం పక్కన ఉండాలో, ఎవరిని ముందుకు పోనివ్వాలో, ఏ మలుపులో ఊపిరి దాచుకోవాలో ఆమెకు చిన్ననాడే పట్టుబడింది. ఎందుకంటే మా ఊరు కొల్లెనేరోలో ఆడపిల్లలు పరుగు నేర్చేది మైదానంలో కాదు, ఊరి గోడ చుట్టూ.

మా ఊరి పునీతుడు సాన్ రొక్కో పండుగనాడు నాలుగు పేటల నుంచి నలుగురు ఆడవాళ్ళు గోడ వెలుపల మూడు చుట్లు పరుగెత్తుతారు. మొదట వచ్చిన పేటకు పట్టుజెండా. చివర వచ్చిన పేటకు తగరపు పళ్ళెంలో ఒక ఉప్పుచేప. ఆ పళ్ళెం పట్టుకుని ఆ పేట పెద్ద టోపీ తీసేసి నాలుగు పేటల నీటిధారల దగ్గరా ఆగాలి. అక్కడి ఆడవాళ్ళు ఏమన్నా అనవచ్చు. ఆయన నోరు మెదపకూడదు. కోట పేటవారూ వాగు పేటవారూ పరుగు కోసం వస్తారు. మేమూ కుమ్మరి పేటవారూ పరుగు కోసం రాము. కుమ్మరులు ఓడితే చాలు, మేం గెలిచినట్టే. వాళ్ళకూ అంతే.

మా పేట పెద్ద ఒత్తొరీనో గ్రిఫోని. కార్ఖానా ఆయనది, పేట ఆయనది, ఊళ్ళోని పరుగు సంఘమూ ఆయనదే. ఆ రోజుల్లో పరుగు మనిషి సభ్యత్వ చీటీ సంఘం చేతిలో ఉండేది. సంఘాధ్యక్షుడు సంతకం పెట్టి విడిస్తే తప్ప ఆ మనిషి మరొక సంఘానికి పోవడానికి వీల్లేదు. నీవెస్ చీటీ గ్రిఫోని సొరుగులో ఉంది.

ఆమెకు ఇరవై రెండేళ్ళ వయసులో దేశపు జట్టుకు ఎంపిక పోటీ తోరీనోలో జరిగింది. అది సరిగ్గా సాన్ రొక్కో పండుగనాడే పడింది. నీవెస్ తోరీనో వెళ్ళి రెండో స్థానంలో వచ్చింది. ఇక్కడ మా పేట కుమ్మరుల వెనుక మూడో స్థానంలో వచ్చింది. వారం తిరగకుండానే ఉత్తరాదిలోని ఒక పెద్ద సంఘం ఆమెను చేర్చుకుంటామని కబురు పంపింది. తండ్రీ కూతుళ్ళు సంతకం కోసం కార్ఖానా వెనుక గదికి వెళ్ళారు. అక్కడ జరిగిన మాటలు దుయీలియో ఆ సాయంత్రమే మా వంటింట్లో నిలబడి, టోపీ నలుపుకుంటూ, ఒక్కటీ వదలకుండా చెప్పాడు.

“చూడు దుయీలియో, నీ కూతురికి కాళ్ళిచ్చింది దేవుడు. మరి బూట్లిచ్చిందెవరు?” అన్నాడట గ్రిఫోని.

“తమరే అయ్యగారూ.”

“పండగనాడు ఆ బూట్లెక్కడున్నాయి? తోరీనోలో ఊరేగుతున్నాయి. ఇక్కడ మనం ఆ బంకమట్టి మొహాల వీపులు చూసుకుంటూ పరిగెత్తాం.”

“సంతకం పెడతారా పెట్టరా, అది చెప్పండి,” అంది నీవెస్.

“నాన్న ముందు నోరు లేస్తోందే! పెడతానమ్మాయ్, ఎందుకు పెట్టను? ఇప్పుడు కాదులే. వచ్చే ఏడు చూద్దాం.”

వచ్చే ఏడు వచ్చింది. ఆయన అదే మాట అన్నాడు. ఆ మధ్యకాలంలో ఆమెను వదలనూ లేదు, ఏ పోటీకీ పంపనూ లేదు. దుయీలియో గట్టిగా అడగలేకపోయాడు. అతని కూలీ ఆ కార్ఖానాలోనే కదా. నీవెస్ వాగు బాట వెంట ఒంటరిగా పరుగెత్తేది. ఆ రెండో వేసవిలోనే ఐరోపా పోటీలు జరిగాయి. మా పేట క్లబ్బులో టీవీ గ్రిఫోని పటం కింద ఉండేది. అక్కడ కూర్చోలేక ఆమె పేట హద్దు దాటి కుమ్మరి పేటలోని పాల్మీరా సారాకొట్టుకు వెళ్ళింది. పాల్మీరా అప్పుడే భర్త పోయిన మనిషి; నోరు ఊరంత, మనసు అంతకంటే కొంచెం పెద్ద.

“తోళ్ళ పేట పిల్లవి, మా కొట్లో ఏం పనే నీకు?” అంది పాల్మీరా.

“టీవీ.”

“టీవీకి డబ్బులక్కర్లేదు గానీ, ఆ తోళ్ళ వాసన బయటే వదిలి రా.”

తోరీనోలో నీవెస్ కంటే వెనుక వచ్చిన పిల్ల ఆ రోజు టీవీలో మూడో స్థానంలో గీత దాటింది. పాల్మీరా పరుగు చూడలేదు, నీవెస్ ముఖం చూసింది. ఒక గ్లాసు వైను పోసి ముందు పెట్టింది. నీవెస్ తాగలేదు.

ఆ తరువాత గ్రిఫోనికి పేట తరఫున పరుగెత్తడానికి మరొక పిల్ల దొరికింది. సొరుగు తెరుచుకుంది. నీవెస్ ఉత్తరాదికి వెళ్ళింది. ఒకసారి దేశపు పోటీల్లో కంచు పతకం గెలిచింది. ఒకే ఒక్కసారి ఇటలీ దేశపు జట్టు నీలిచొక్కా తొడుక్కుంది. అప్పటికే మడమ నరం అరిగింది. ఒక పత్రిక ఆమెను “ఆలస్యంగా వికసించిన పువ్వు” అని రాసింది. ఆ మాట నాకు ఈనాటికీ కంటగింపే. ఆమె ఆలస్యంగా వికసించలేదు. ఆమెను ఒకరు ఆలస్యం చేశారు. కర్త ఎవరో చెప్పకుండా వాక్యం రాయడం పత్రికలవారికి సుఖం.

ముప్ఫై ఏడేళ్ళ వయసులో ఆమె ఊరికి తిరిగి వచ్చింది. దుయీలియో అప్పటికి లేడు. మెట్ల వరుసలోని ఇంట్లో తల్లి ఉంది, నీవెస్‌కో మంచమూ ఉంది. కానీ నీవెస్ పెట్టె దింపింది ఆ ఇంట్లో కాదు. కుమ్మరి పేటలో ఒక బట్టీలో పళ్ళేలకు రంగులు వేసే పనికి కుదిరి, ఆ బట్టీ మీద మేడగదిని అద్దెకు తీసుకుంది.

ఇక్కడొక ఆచారం చెప్పాలి. ఒక పండుగ నుంచి మరో పండుగ దాకా ఏ పేటలో పొయ్యి వెలిగిస్తే ఆ పేట మనిషే అవుతుంది ఆడది, పరుగెత్తేదీ ఆ పేట తరఫునే. పక్క పేటలో మెట్టిన కోడళ్ళ కోసం పెద్దలు పెట్టిన నియమం అది. పెళ్ళి లేకుండా, కేవలం కసితో ఆ నియమాన్ని వాడుకోవచ్చునని అంతకుముందు ఎవరికీ తోచలేదు.

మా పేటకు సంగతి అర్థం కావడానికి చలికాలం పట్టింది. అర్థమయ్యాక రొట్టెల దుకాణం వాడు ఆమెకు “అయిపోయాయి” అనడం మొదలుపెట్టాడు, వెనుక అరల నిండా రొట్టెలు పెట్టుకుని. తల్లి, కూతురి మేడగది కనబడే వాగు వైపు కిటికీ మూసేసింది. చర్చి మెట్ల మీద గ్రిఫోని అందరికీ వినిపించేలా పలకరించాడు.

“ఏమే నీవెస్, మట్టిపేట కాపురం ఎలా ఉంది? ఏ కుమ్మరిని కట్టుకున్నావేంటి?”

“కుమ్మరిని కాదండీ, కుండని కట్టుకున్నా. మగాడికంటే తక్కువ మోగుతుంది.”

“ఈ వయసులో పరిగెడతావా? మా ఇలేనియా ముందు?”

“పరిగెత్తాక చెప్తాను.”

ఇలేనియా ఆయన మనవరాలు, పద్దెనిమిదేళ్ళ పిల్ల. అంత తేలికైన అడుగు ఈ ఊళ్ళో నీవెస్ తరువాత నేను మరి చూడలేదు. ఆ పిల్లకు వ్యాకరణం రాదు గాని పరుగు వచ్చు. పండుగకు ముందు ఒక మధ్యాహ్నం నేను బట్టీకి వెళ్ళాను. నీవెస్ పళ్ళెం అంచున నీలిరంగు ఆకులు గీస్తోంది.

“అమ్మాయ్, నీ తగువు ఆ ముసలాయనతో. ఆ పిల్ల నీకేం చేసింది?” అని అడిగాను.

“ఏం చెయ్యలేదు టీచరమ్మా.”

“మరి?”

“నేనూ ఆయన్నేం చెయ్యలేదు కదా అప్పుడు.” ఆమె కుంచె ఎత్తలేదు. “ఆయన పరిగెత్తడు. ఆయనకి తగలాలంటే ఆ పిల్ల మీదుగానే పోవాలి. వేరే దారుంటే చెప్పండి, మీరు చెబితే వింటాను.”

ఆమె గీసిన ఆకులు చాలా బాగున్నాయని చెప్పి వచ్చేశాను.

పండుగనాడు ఎండ నిప్పులు చెరిగింది. గోడ మీద మనుషులు అంజూరపు పళ్ళలా కిక్కిరిసి కూర్చున్నారు. గ్రిఫోని తెల్లచొక్కా వేసుకుని, పరుగు ముగిసే ఊరి ద్వారం దగ్గర పెద్దల బల్ల మీద నిలబడ్డాడు. ఆ ఏడు గెలిస్తే పెద్దరికం కొడుకుకు అప్పగించి, జెండాతో దిగిపోతానని ఆయన ఊరంతా చాటుకున్నాడు. పాల్మీరా అప్పటికి కుమ్మరి పేట పెద్ద. నీవెస్ భుజాలకు నూనె రాస్తూ ఆమె చెప్పిన మాటలు పక్కనున్న మా అందరికీ వినబడ్డాయి.

“గెలవ్వే తల్లీ. గెలవకపోతే పోనీ, ఆ తోళ్ళోళ్ళని మాత్రం గెలవనియ్యకు. రెండూ కుదరకపోతే రెండోదే చూసుకో.”

మొదటి చుట్టులో నలుగురూ కలిసే వెళ్ళారు. రెండో చుట్టులో కోట పేట మనిషి, పొడుగు కాళ్ళ దర్జీ, కాస్త ముందుకు పోయింది. ఆమె వెనుక గోడవారగా వాగు పేట పిల్ల రొప్పుతూ పరుగెత్తుతోంది. ఆ పిల్ల వెనుక ఇలేనియా. ఇలేనియా కుడి భుజానికి అర అడుగు ముందుగా నీవెస్. అప్పుడు నాకు అర్థమైంది. పరుగు మనుషులు దీన్ని దడి కట్టడం అంటారు. ఎడమన గోడ, ముందు నెమ్మది పిల్ల, కుడిన నీవెస్. ఇలేనియాకు ముందుకు దారి లేదు. వెనక్కి తగ్గి చుట్టూ వద్దామంటే నీవెస్ కూడా అంతే తగ్గుతుంది. తగిలితే తప్పు, నీవెస్ మోచేయి గాలిని తప్ప మరి దేన్నీ తాకలేదు.

మూడో చుట్టులో నూనెగానుగ మలుపు దగ్గర నేను గోడ మీద నుంచి వంగి చూస్తున్నాను. అక్కడి నుంచి దారి దిగుడు. కోట పేట దర్జీకి ఒగర్పు మొదలైంది. నీవెస్ ఆ క్షణాన విడిపోతే గెలుపు ఆమెదే. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, సొంత ఊళ్ళో, పట్టుజెండా. కుమ్మరులందరూ లేచి నిలబడ్డారు.

“పోవే! పో! దాన్నొదిలేసి పో!” అని పాల్మీరా గొంతు చించుకుంది.

నీవెస్ తల తిప్పి ద్వారం వైపు, బల్ల మీదున్న తెల్లచొక్కా వైపు చూసింది. అక్కడే ఉండిపోయింది.

“పిన్నీ, దారియ్యి!” అంది ఇలేనియా. ఏడుపు కాదు అది, పళ్ళు కొరికిన గొంతు.

“మీ తాతనడుగు.”

“నేను నిన్నడుగుతున్నా!”

ద్వారం దగ్గర దారి ఇద్దరికి మించి పట్టదు. దర్జీ మొదట దాటింది. చాలా సేపటికి వాగు పేట పిల్ల, తను రెండో స్థానమని నమ్మలేక నవ్వుతూ దాటింది. తరువాత నీవెస్, గోడకూ తనకూ మధ్య సందు మూసి, దాటింది. చివరిది మా ఇలేనియా.

అప్పుడు జరిగింది మరే ఊళ్ళోనూ జరగదు. కుమ్మరి పేట గంట మోగింది. మూడో స్థానంలో వచ్చిన మనిషిని భుజాల మీదికెత్తుకుని వాళ్ళు సారాకొట్టు దాకా ఊరేగించారు. పీపాలు పగిలాయి, ముసలివాళ్ళు ఏడ్చారు. కోట పేటవారు జెండా పట్టుకుని చౌకులో నిలబడి ఉంటే వారి వైపు చూసే నాథుడు లేడు.

“గెలిచింది మేమండీ,” అని వారి పెద్ద పాల్మీరాను ఆపి చెప్పాడు.

“అయితే మాకేంటయ్యా? తోళ్ళోళ్ళు ఆఖర్న వచ్చారు, చూళ్ళేదా? రా, నువ్వూ తాగు.”

ఆయన కాస్త తటపటాయించి, జెండా గోడకు ఆనించి, తాగాడు.

సాయంత్రం గ్రిఫోని పళ్ళెం పట్టుకుని బయలుదేరాడు. మా పేట ఆడవాళ్ళం ఏమీ అనలేదు. కోట పేటవారు దయతలచి చేప ధర అడిగారు. వాగు పేటవారు ఆయన నాయనమ్మను తలచుకున్నారు. కుమ్మరి పేట నీటిధార దగ్గర జనం చీలి దారి ఇచ్చారు. నీవెస్ తడిజుట్టుతో రాతిగట్టు మీద కూర్చుని ఉంది. ఏళ్ళ తరబడి దాచుకున్న తిట్టు ఎంత పెద్దదో విందామని అందరికీ ఆశ.

ఆమె లేచి నిలబడి, పళ్ళెంలోకి చూసి, ఆయన ముఖంలోకి చూసింది.

“వచ్చే ఏడు చూద్దాం లెండి, పెద్దాయనా,” అంది.

జనానికి చప్పగా తోచింది. ఒకరిద్దరు “ఇంతేనా?” అన్నారు. గ్రిఫోనికి మాత్రం తోచలేదు. ఆయన పళ్ళెంలోని చేప వైపు తల దించుకోవడం నేను చూశాను. నాకు సంతోషం కలిగింది, అది దాచను. దుయీలియో టోపీ నలుపుకుంటూ నిలబడిన వంటింటి మూల నా కళ్ళ ముందు మెదిలింది.

అక్కడితో ముగిస్తే అది కుమ్మరులు చెప్పుకునే కథ అవుతుంది. మర్నాడు ఉదయం ఇలేనియా బట్టీ తలుపు తట్టింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గాని మాట నిలకడగా ఉంది. ఇది నీవెస్ స్వయంగా చెప్పగా రాస్తున్నాను.

“మా తాత నీ చీటీ సొరుగులో పెట్టుకున్నాడంటగా. రాత్రి అడిగాను. పేట కోసం పెట్టానన్నాడు.”

“అయితే?”

“అయితే నాకు దాంతో పన్లేదు. అది ఆయన పాపం, ఆయనే మొయ్యాలి. నిన్న నువ్వు నన్ను తాకకుండా కట్టేశావే, అది నాకు నేర్పు.”

“ఎందుకు?”

“నీకే చెయ్యడానికి.”

నీవెస్ ఆ పిల్లను చాలాసేపు చూసిందట. మాపటికి ఆరిపోయే కోపమా కాదా అని చూసిందట. కాదని తెలిసింది. ఆ చూపు ఆమె ఎరిగినదే. పాల్మీరా కొట్లో, తాగని గ్లాసు ముందు, తను చూసిన చూపు.

“రేపు పొద్దున వాగు బాటకి రా,” అంది. “మలుపులో తల దించేస్తున్నావ్. దించితే దారి కనబడదు. ముందు అది మానుకో.”

అలా మొదలైంది. ప్రేమ అనను. ఆ పిల్ల నీవెస్‌ను క్షమించలేదు, నీవెస్ క్షమించమని అడగలేదు. రోజూ తెల్లవారుజామున ఒకరి భుజానికి ఒకరు అర అడుగు తేడాతో, పిల్లుల్లా ఒకరినొకరు కనిపెట్టుకుంటూ పరుగెత్తేవారు. తోళ్ళ పేట పెద్ద మనవరాలు కుమ్మరి పేట మనిషి దగ్గర పరుగు నేర్చుకుంటోందని ఊరంతా పాకింది. గ్రిఫోని ఇంట్లో అరిచాడు, బూట్లు దాచాడు. పిల్ల పాత బూట్లతో వెళ్ళింది. ఆయన పెద్దరికం వదులుకోలేదు, చేపతో దిగిపోవడం ఇష్టంలేక. కానీ పేటలో ఆయన మాట విన్నాక జనం ఇలేనియా ముఖం చూడడం మొదలుపెట్టారు.

ఆకులు రాలే కాలంలో ఒక ఉదయం నేను వంతెన మీదుగా పాలకు వెళ్తున్నాను. గ్రిఫోని అక్కడ పిట్టగోడను పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో ఇలేనియా ఉన్ని చొక్కా. నన్ను చూసి టోపీ ఎత్తాడు. కాసేపటికి వాళ్ళిద్దరూ వచ్చారు. ఇలేనియా తాతను దాటుకుని, చొక్కా వైపు చూడకుండా, ఎదురు గట్టు ఎక్కింది. నీవెస్ మడమ నొప్పికి కాస్త ఆగి, వంతెన మీద కాలు చాపుకుంది.

“ఎలా పరిగెడుతోంది?” అని అడిగాడు ఆయన. మొదటిసారిగా ఆమెను ఏమే అనలేదు, పేరు పెట్టీ పిలవలేదు.

“బాగా. నాకంటే బాగా.”

“నా మీద కక్షతోనేగా ఇదంతా? చెప్పు. ఇంకా ఎన్నాళ్ళు? ఏం చేస్తే తీరుతుంది నీకు?”

నీవెస్ కాలు దించి ఆయన వైపు తిరిగింది. ఆ మాట కోసం ఆమె యౌవనమంతా ఎదురుచూసింది. ఇప్పుడు దాన్ని పుచ్చుకోవడానికి ఆమెకు చేతులు ఖాళీగా లేవు.

“మీ మీదా?” అంది నిజమైన ఆశ్చర్యంతో. “అది నన్ను ఓడించాలని చూస్తోంది. నేను ఓడకూడదని చూస్తున్నాను. ఇందులో మీరెక్కడున్నారండీ?”

ఎదురు గట్టు మీది నుంచి ఇలేనియా గొంతు గట్టిగా వినిపించింది.

“పిన్నీ! కబుర్లాపి వస్తావా లేదా? ఒళ్ళు చల్లారిపోతోంది!”

“వస్తున్నానే, అరవకు!”

నీవెస్ పరుగందుకుంది. గ్రిఫోని ఆ గట్టు వైపే చూస్తూ, మరొక పిలుపు వస్తుందేమోనని, ఉన్ని చొక్కాను పట్టుకుని నిలబడ్డాడు. నేను పాలు తీసుకుని తిరిగి వచ్చేసరికి కూడా ఆయన అక్కడే ఉన్నాడు.